సీసాలో పుట్టిన పాదుకాపుష్పము

ఒక చిన్న గాజుసీసాను మనస్సులో ఊహించుకొనుడు. రోజువారీ వాడకమునకు జాడీలోనుండి ఆవకాయ తీసిపెట్టుకొను సీసా ఉండునే, అంతటిది. మూత బిగించి ఉన్నది. అడుగున రెండంగుళముల మందమున నల్లని పదార్థ మొకటి, తాటిముంజె వలె కదలుచు, కాని జారక, పేరుకొని యున్నది. దానిమీద, నారుమడిలో వరినారు వలె, పచ్చని చిరుమొక్కలు ఒకదాని నొకటి ఒరసికొనుచు నిలిచియున్నవి. ఒక్కొక్క ఆకు మీ చిటికెనవ్రేలిలో సగము పొడవుండును. విత్తనము చల్లి ఏడాదిన్నర గడచినది. ఈ ఏడాదిన్నరలో ఆ మొక్కలు వానచినుకు నెరుగవు, గాలి నెరుగవు, మట్టిని అసలే యెరుగవు. అవి పూయుటకు ఇంకను మూడేండ్లు పట్టును; నాలుగేండ్లైనను పట్టవచ్చును.

ఆ మూడు నాలుగేండ్లలో ఏమి జరుగునో, ఏమి జరుగకుండ మనము చూచుకొనవలెనో, అది చెప్పుటకే ఈ పూట మీ ముందుకు వచ్చితిని.

ఈ పూవును ఇంగ్లీషువారు స్లిప్పర్ ఆర్కిడ్ అందురు. నేను పాదుకాపుష్పమని పిలుచుకొందును. పూవు క్రింది రేకు తక్కిన పూలలో వలె పరచుకొని యుండక, ముందువైపు మూసిన ముచ్చె వలె, తిత్తిగా మారి ముందునకు పొడుచుకొని వచ్చును. ఏ పసిపిల్ల పాదమో అందులో నుండి ఇప్పుడే బయటికి వచ్చినదా యనిపించును. 1886లో ఫిట్జర్ అను జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఈ జాతికి పాఫియోపెడిలమ్ అని నామకరణము చేసెను. సైప్రస్ ద్వీపమున పాఫోస్ అను పట్టణము కలదు. గ్రీకుల ప్రణయదేవత కోవెల వెలసిన చోటది. పెడిలాన్ అనగా పాదరక్ష. ఆ దేవి తొడిగి విడిచిన చెప్పు అని ఆయన భావము. శాస్త్రజ్ఞుల నోట ఇంతటి కవిత్వము తరచుగా వినబడదు.

నా ఉద్యోగజీవితమున కొన్ని సంవత్సరములు షిల్లాంగులో గడచినవి. అక్కడికి చేరిన మొదటి చలికాలమున, మేము అద్దెకున్న ఇంటి యజమానురాలి వసారాలో, రేకుడబ్బాలలోను మట్టికుండీలలోను వరుసగా పెట్టియున్న మొక్కలు ఒక్కసారిగా పూచినవి. నేను వాటిని అంతవరకు ఏదో గడ్డిజాతి అనుకొంటిని. దగ్గరకు పోయి చూచితిని. ఒక్క కాడకు ఒక్కటే పూవు. పైని గొడుగు పట్టినట్లొక పెద్ద రేకు; లేతాకుపచ్చ, దానిమీద గోధుమరంగు చుక్కలు, అంచున తెలుపు. ఇరుప్రక్కల రెండు రేకులు, అంచులు అలలు తిరిగి. క్రింద తేనెరంగు తిత్తి. పూవంతయు వార్నీషు పూసినట్లు నిగనిగలాడుచున్నది. మైనముతో చేసినదేమో యని వ్రేలితో తాకి చూచితిని. ఆ పూవు ఇన్‌సిగ్నే. ఖాసీ కొండలు దాని పుట్టినిల్లు. ఆ పూవు నెలన్నర వాడలేదు. ఆ నెలన్నరయు నేను ఆఫీసుకు పోవుచు నొకమారు, వచ్చుచు నొకమారు దానియెదుట నిలిచెడివాడను. ఆనాటి నుండి ఈ పిచ్చి నన్ను విడువలేదు.

ఈ మొక్క అడవిలో ఎట్లు బ్రతుకునో ముందుగా చెప్పవలెను. అది తెలిసినచో పెంపకములో సగము తెలిసినట్లే. మన తూర్పు కనుమలలో చెట్లకొమ్మలను పట్టుకొని వేలాడు ఆర్కిడ్ మొక్కలను మనవారు బదనికలని పిలుచుట కలదు. ఆ మాట న్యాయము కాదు. బదనిక చెట్టు రసము పీల్చి బ్రతుకును. ఆర్కిడ్ ఆ కొమ్మను కూర్చొనుటకు పీటగా వాడుకొనునే గాని దాని రసమును ముట్టదు. పాదుకాపుష్పపు మొక్కలలో పెక్కు కొమ్మ నైన ఆశ్రయింపవు. పెద్దచెట్ల నీడలో, రాతి నెరియలలో, ఏండ్ల తరబడి రాలిన ఆకులు కుళ్ళి పొరలు పొరలుగా పేరుకొన్న చోట అవి నివసించును. ఖాసీ కొండలలో కురియు వాన మీరెరిగినదే, చిరపుంజి అక్కడిదే. అంత వాన కురిసినను ఆ నెరియలో నీరు క్షణమైనను నిలువదు, జారిపోవును. వాన వెలసిన తరువాతను ఆ ఆకుల మెత్తలో తడి ఆరదు.

ఈ రెండు మాటలను జ్ఞాపకముంచుకొనుడు. తడి ఆరరాదు, నీరు నిలువరాదు. నా ప్రసంగములో తక్కినదంతయు మరచినను చింత లేదు. తడి ఆరరాదు, నీరు నిలువరాదు.

ఇక ఆ మొక్క సీసాలో ఏల పుట్టవలసివచ్చినదో వినుడు. ఆర్కిడ్ విత్తనము ముక్కుపొడి వలె ఉండును. ఒక్క కాయలో వేలకొలది. ఊదిన ఎగిరిపోవును. శనగగింజలోనో చింతగింజలోనో మొలకకు కావలసిన ఆహారము తల్లి కట్టి యిచ్చును. పుట్టింటి నుండి కూతురుతో సారె పంపినట్లు. ఆర్కిడ్ విత్తనములో ఆ సారె లేదు. ఒట్టి చేతులతో లోకములోనికి వచ్చును. చాలకాలము తోటమాలులు ఈ విత్తనములను చల్లిరి. వాటిలో పెక్కు మొలకెత్తలేదు, ఎందుచేతనో ఎవరికిని బోధపడలేదు.

1899లో ఫ్రాన్సుదేశమున నోయెల్ బెర్నార్డ్ అను ఇరువదియైదేండ్ల యువకుడు, సైన్యములో కొలువు చేయుచున్న దినములలో, అడవిలో తిరుగుచు, ఆకుల చెత్తక్రింద పూడియున్న ఒక ఆర్కిడ్ కాడను చూచెను. కాయలోని విత్తనములు అందులోనే మొలకెత్తియున్నవి. ఆ మొలకలను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షింపగా ప్రతిదానిలోను ఒక శిలీంధ్రపు నూలుపోగులు అల్లుకొనియున్నవి. బూజు వంటి ఆ శిలీంధ్రమే మొలకకు అన్నము పెట్టు దాది. తల్లి ఇయ్యని సారెను నేలలోని బూజు ఇచ్చుచున్నది. ఇంతటి రహస్యమును కనిపెట్టిన ఆ మహానుభావుడు ముప్పదియారేండ్లకే 1911లో కన్నుమూసెను. తరువాత 1922లో, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమున నడ్సన్ అను ఆచార్యుడు, ఆ శిలీంధ్రము చేయు పనిని చక్కెర చేయగలదని నిరూపించెను. సముద్రపు నాచు నుండి తీసిన అగర్ అను జిగురులో చక్కెరయు లవణములును కలిపి, సీసాలో పోసి, క్రిములు చేరకుండ కాచి, దానిమీద విత్తనములు చల్లెను. మొలకెత్తినవి. ఇందాక మీరు ఊహించుకొన్న సీసాలోని తాటిముంజె వంటి పదార్థము అదియే.

ఇక్కడ ఇంకొక సంగతి కలదు. పెండ్లిపందిళ్ళలో, హోటళ్ళలో మీరు చూచు తెల్లని, ఊదారంగు ఆర్కిడ్‌లు కణజాలవర్ధనము చేత పుట్టినవి. ఒక మొక్క మొగ్గనుండి వేలమొక్కలు, అన్నియు ఒకే పోలిక. పాదుకాపుష్పము ఈ పద్ధతికి సులభముగా లొంగలేదు. అందుచేత నేటికిని అది ప్రధానముగా విత్తనమునుండియే పుట్టుచున్నది. విత్తనమునుండి పుట్టుటచేత, ఒకే కాయలోని బిడ్డలైనను, ఒక యింటి అన్నదమ్ముల వలె దేని రూపు దానిదే. ఒకదాని గొడుగురేకు వెడల్పు, ఒకదానిది కోల; ఒకదాని చార ముదురు, ఒకదానిది లేత. మీ కుండీలోని మొక్క ఎట్టి పూవు పూయునో, అది పూయువరకు ఈ భూమిమీద ఎవరికిని తెలియదు. మూడేండ్లు ఎదురుచూచుటకు నాకు ఈ ఒక్క కారణము చాలును.

ఉద్యోగ విరమణానంతరము నేను మదనపల్లెలో స్థిరపడితిని. షిల్లాంగు చలి లేకపోయినను, హార్సిలీ కొండ గాలి సోకు ఊరు గనుక రాత్రులు చల్లగా ఉండును. అనుమతి పొందిన ఒక నర్సరీనుండి సీసా నొకటి తెప్పించుకొంటిని. నేను కోరినది ఇన్‌సిగ్నే కాదు. దానికి మొగ్గ కట్టవలెనన్న శరత్కాలమున రాత్రి చలి 10, 12 డిగ్రీలకు దిగవలెను. మన మైదానములలో అది దుర్లభము. ఆకుపచ్చని నున్నని ఆకులు గలవి చాలవరకు చలిప్రియములు. ఆకులమీద చలువరాతి చారల వలె మచ్చలు గలవి వెచ్చని చోట్లను ఓర్చుకొనును. ఈ మచ్చలాకుల వంశములో మాడియే అను సంకరము 1900 నుండి ప్రసిద్ధి. దాని తలిదండ్రులలో ఒకటి థాయిలాండు దిక్కునుండి వచ్చిన కలోసమ్, రెండవది బోర్నియోనుండి వచ్చిన లారెన్సియానమ్. నా సీసా ఆ వంశమునకు చెందినది. కోస్తా వేసవిలో, విజయవాడ, రాజమహేంద్రవరముల వడగాలిలో, ఏ రక్షణయు లేకుండ ఏ రకము పెంచినను అది మొక్కను హింసించుటయే. అక్కడివారు చల్లని, తడి గాలి నిలుచు తావు నొకటి సిద్ధము చేసికొన్న తరువాతనే సీసా కొనుడని నా మనవి.

సీసా తెరచు దినము శుభకార్యము వంటిది. గోరువెచ్చని నీటితో జిగురును మెత్తబరచి, మొక్కలను వెలుపలికి తీసి, బేసినులో ఈదనిచ్చి, వేళ్ళనంటిన జిగురును మెల్లగా కడుగవలెను. చక్కెర గల జిగురు ఏ మూలనైన మిగిలినచో రెండు దినములలో బూజు పట్టును. నా సీసాలో 30 మొక్కలున్నవి. వేళ్ళు ముట్టుకొనిన విరుగునేమో యని వణకుచు కడిగితిని. తరువాత ఒక వెడల్పు కుండీలో అన్నిటిని కలిపి నాటితిని. దీనిని నేను ఉమ్మడి కుండీ అందును. చిన్నమొక్కను ఒంటరిగా నాటిన బిక్కచచ్చి నిలుచును. పదింటిని దగ్గరదగ్గరగా నాటిన అవి తమ తడిని తామే కాపాడుకొనుచు త్వరగా కోలుకొనును.

మట్టి వాడలేదు. చిన్నచిన్న చెట్టుబెరడు ముక్కలు, బొగ్గుముక్కలు, కొబ్బరిడొక్క ముక్కలు. కొబ్బరిడొక్క ఉప్పును దాచుకొనును. కావున దానిని నానబెట్టి, ఎర్రనీటిని పారబోసి, మరల నానబెట్టి, ఆ నీరు తేటపడువరకు కడుగవలెను. కుండీ నిలుపుటకు పళ్ళెములో గులకరాళ్ళు పోసి, రాళ్ళ క్రిందివరకే నీరు పోసితిని. కుండీ అడుగు నీటిని తాకరాదు. ఆ నీటి ఆవిరి మాత్రము ఆకులను తాకవలెను.

అంతయు సక్రమముగా చేసితిని. తరువాత ఘోరమైన తప్పిద మొకటి చేసితిని.

అది వర్షాకాలము. మబ్బు పట్టి, గాలి స్తంభించి యుండెడిది. ఐనను చిన్నమొక్కలు గదా, దాహము వేయునేమో యని, నేను ప్రతి సాయంకాలమును నీళ్ళు చిలుకరించెడివాడను. మొదట ఒక మొక్క నడిమి ఆకు గోధుమరంగుకు తిరిగినది. పట్టుకొని చూచితిని, వేడినీటిలో వేసిన తోటకూర వలె మెత్తగా, చేతికే ఊడి వచ్చినది. కుళ్ళు వాసన. మరునాటికి ప్రక్కది. పదునైదు దినములలో 19 మొక్కలు పోయినవి. 11 మిగిలినవి.

వాటిని పెకలించి వేళ్ళను చూచిన దినము నాకు కన్ను తెరిపిడి అయినది. ఆరోగ్యముగల వేరు లావుగా, గోధుమరంగు నూగుతో, గొంగళి దారపుపోగు వలె ఉండును. కొన మాత్రము తెల్లగా, వడ్లగింజ మొలక వలె. వ్రేళ్ళ నడుమ ఒత్తిన గట్టిగా తగులును. చచ్చిన వేరును ఒత్తినచో లోన గుల్ల. పై తొడుగు జారివచ్చి, సన్నని నార యొక్కటి మిగులును. నేను ఆకును చూచి నీరు పోసితిని, క్రింద వేరు మునిగి ఊపిరాడక చచ్చినది. వేరు చచ్చిన మొక్క ఆకు వాడును. వాడినదని చూచి ఇంకను నీరు పోసితిని. తక్కిన ఆర్కిడ్‌లలో పెక్కింటికి మొదట ఉల్లిగడ్డ వంటి దుంప ఉండును; అందులో నీటిని నిలువచేసికొనును. ఈ మొక్కకు ఆ నిలువ లేదు. కనుక ఎండిన బ్రతుకదు. అట్లని ముంచిన అంతకన్న బ్రతుకదు.

తడి ఆరరాదు; నీరు నిలువరాదు. 19 మొక్కలను పోగొట్టుకొని నేను ఈ మాటను నేర్చుకొంటిని. మీరు వినియే నేర్చుకొనుడు.

అటుపిమ్మట నీళ్ళు ఉదయముననే పోసెడివాడను. ఆకుల మొదట చేరిన చుక్క పొద్దుగుంకులోపల ఆరవలెను. రాత్రి ఆ చుక్క అక్కడ నిలిచినదా, కుళ్ళు పుట్టును. నీళ్ళు పోయుటకు ముందు కుండీని చేతితో ఎత్తి చూచుట అలవాటు చేసికొంటిని. బరువుగా ఉన్న పోయకుండుట. తేలికయగుచున్నట్లు తోచిన, పూర్తిగా తేలిక కాకముందే, అడుగునుండి కారిపోవునట్లు ధారాళముగా పోయుట. కుళ్ళిన భాగమును కోసి, కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్దుట ఈ పెంపకమునందు చాలమంది చేయు పని; నేనును చేసితిని, గాయము ఆరినది.

ఎట్టి నీరు అన్నది వేరొక ప్రశ్న. మా వైపున, అటు తెలంగాణమున, బోరునీరు పలుచోట్ల ఉప్పునీరు. బిందె అడుగున తెల్లని పేటు కట్టు నీరు ఈ మొక్క వేరునకు విషప్రాయము. మొదట ఆకు కొన మాడును. వానాకాలమున కప్పుమీది నీటిని డ్రమ్ములో పట్టి, మూతపెట్టి, దోమలు చేరకుండ గుడ్డ కట్టి దాచితిని. అది ఆరునెలలు వచ్చినది. ఎరువు పెట్టుటయు అంతే మితముగా. పెట్టెమీద వ్రాసిన పాలులో నాలుగవ వంతు, పదునైదు దినముల కొకమారు, మధ్యలో వట్టి వాననీటితో కడుగుట. ఆకలిగొన్న మొక్క నెమ్మదిగా పెరుగును. అజీర్తి చేసిన మొక్క అసలే పెరుగదు.

వెలుతురు సంగతి చెప్పుటకు యంత్ర మక్కరలేదు. మిట్టమధ్యాహ్నము మీ అరచేతిని ఆకుమీద జానెడెత్తున పట్టి చూడుడు. చేతినీడ వ్రేళ్ళు లెక్కపెట్టునంత స్పష్టముగా పడినచో ఎండ ఎక్కువ. నీడయే పడనిచో చీకటి ఎక్కువ. అంచులు కరగిన మసకనీడ పడవలెను. మా ఇంట తూర్పు వసారాలో, వేపచెట్టు ఆకుల సందులనుండి వచ్చు వెలుగు సరిపోయినది.

ఏడాది తిరుగుసరికి ఉమ్మడి కుండీ విడగొట్టి, 11 మొక్కలను పదకొండు చిన్నకుండీలలో నాటితిని. ఇక్కడ తొందరపడి పెద్దకుండీ ఇయ్యరాదు. పెద్దకుండీలో తడి ఎక్కువ దినములు నిలుచును, వేరు కుళ్ళును. మొక్క మొదలు అరయంగుళము లోపల ఉండునట్లు నాటవలెను. కొత్తవేళ్ళు ఆ మొదటనుండియే పుట్టును. మొదలు పైకి తేలియున్నచో పుట్టిన వేరు గాలిలోనే ఎండిపోవును. ఈ మార్పిడి ఏటేట చేయవలెను, ఏలననగా బెరడు కుళ్ళి మెత్తబడిన కొలది నీరు నిలుచును. చూచితిరా, త్రిప్పి త్రిప్పి ఆ రెండు మాటలకే వచ్చుచున్నాము.

రెండవ యేడు ఆకుల మొదళ్ళలో పిండినల్లి చేరినది. దూదితో స్పిరిటు తుడిచితిని. నత్త యొకటి రాత్రివేళ వచ్చి లేతవేళ్ళ కొనలు కొరికినది. ఇవి ఎవరి తోటలోనైన ఉన్నవే, వీటినిగూర్చి పొడిగింపను.

మూడవ యేడు ఆకులు జానెడయినవి. ఒక మొక్కకు ఆరాకులు విసనకఱ్ఱ వలె విచ్చుకొన్నవి. కార్తికము దాటి, రాత్రులు చల్లబడిన దినములవి. నడిమి ఆకుల మడతలో, ఆకుకన్న ఇరుకైన, నాలుక వంటి పచ్చని పొర యొకటి కనబడినది. కొత్తాకో, మొగ్గతొడుగో తెలియలేదు. రాత్రి టార్చిలైటు దానికి వెనుకవైపున పట్టితిని. ఆకైనచో వెలుతురు సమముగా సాగివచ్చును. లోపల కందిగింజంత నల్లని నీడ! దీపమార్పి, మరల వెలిగించి చూచితిని. ఆ నీడ అక్కడే ఉన్నది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కందిగింజ చిక్కుడుగింజ యగుటకు నెల పట్టినది. తరువాత కాడ పొడవుగా సాగి, నూగుతో, ఊదారంగుతో పైకి వచ్చినది. ఈ దినములలో కుండీని త్రిప్పరాదు. మొగ్గ వెలుతురువైపునకు తల త్రిప్పుకొనును. కుండీని మీరు త్రిప్పిన అది మరల తిరుగును, కాడ వంకరపోవును. నేను కుండీ అంచున సుద్దతో గుర్తుపెట్టి, ఇంటిలో ఎవరును దానిని ముట్టరాదని కట్టడి చేసితిని. రెండున్నర నెలలకు ఒక ఉదయమున మొగ్గ పైచివర పగిలినది. మొదట గొడుగురేకు లేచినది, లేతాకుపచ్చ చారలతో, నలిగిన పట్టుబట్ట వలె ముడుతలతో. మధ్యాహ్నమునకు ప్రక్క రేకులు విచ్చుకొన్నవి. సాయంకాలమునకు ముచ్చె బయటపడినది, నేరేడుపండు రంగున. ముడుతలు సాగి, రేకులు బిగిసి, పూవు తన పూర్తి వెడల్పునకు వచ్చుటకు ఇంకను నాలుగు దినములు పట్టినది. విచ్చిన దినముననే చూచి పూవు చిన్నదని నిరాశపడకుడు.

ప్రక్కింటి చిన్నపిల్ల చూడవచ్చినది. చాలసేపు చూచి, "తాతయ్యా, ఇందులో కాలు పెట్టేదెవరు?" అని అడిగినది.

ఆ ప్రశ్న పసిపిల్లది మాత్రమే కాదు. డార్విన్ మహాశయుడు దీనినే ఆలోచించి మొదట పొరపడెను. ఈగయో తేనెటీగయో వెలుపలినుండియే వెనుకవైపు చిన్నరంధ్రములలో తొండము దూర్చి పోవునని ఆయన తలచెను. అమెరికాలోని ఆసా గ్రే అను మిత్రుడు, కాదు, కీటకము తిత్తిలోపలికే దిగునని సూచించెను. డార్విన్ ఒక చిన్న తేనెటీగను పట్టి, అమెరికా దేశపు పాదుకాపుష్ప మొకదాని తిత్తిలో తానే విడిచి చూచెను. అది వచ్చిన దారిన వెలికి రాలేకపోయినది. తిత్తి అంచులు లోపలికి చుట్టుకొని జారుడుగా ఉండును. లోన వెనుకవైపున నిచ్చెనమెట్ల వలె నూగు వెండ్రుకలు కలవు. వాటిని పట్టుకొని పైకి ప్రాకి, ముందుగా కీలాగ్రము క్రిందుగా, తరువాత పుప్పొడి నొరసికొనుచు, ఇరుకుసందున బయటపడినది. వీపున పుప్పొడి అంటుకొనియున్నది. ఇంకొక పూవులోనికి దిగినప్పుడు ఆ పుప్పొడి అక్కడి కీలాగ్రమునకు చేరును. మన మచ్చలాకుల జాతులలోను మార్గ మిదే. కీటకమునకు ఇందులో తేనెచుక్క దొరకదు. ఆశపడి దిగును, పని చేసిపెట్టి పోవును. నేను ఆ పిల్లను ఎత్తుకొని తిత్తిలోపలి వెండ్రుకలను చూపితిని. "ఈగకు నిచ్చెన" అని ఆమె తానే చెప్పినది.

పూవు వాడిన తరువాత ఆ ఆకుల గుత్తి మరల పూయదు. దిగులు పడవలదు. అరటి గెల వేసిన తరువాత మొదట పిలకలు వచ్చునట్లు, దీని మొదటను ప్రక్కపిలక వచ్చును, పూయునది ఇక ఆ పిలకయే. కాని అరటిని నరికినట్లు పాతగుత్తిని కోయకుడు. అది ఇంకను ఏండ్లు నిలిచి పిలకను పోషించును.

ఇంతవరకు ఇంటి ముచ్చట. ఇక అడవి మాట చెప్పి ముగించెదను.

దక్షిణాపథమున స్వయముగా పెరుగు పాదుకాపుష్పము ఒక్కటే ఒక్కటి. పడమటి కనుమల దక్షిణపు కొసను, అగస్త్యమలైలో, గడ్డి కొండలమీద, రాళ్ళ నడుమ అది ఉండెడిది. 1865లో డ్రూరీ అను సైనికోద్యోగి దానిని కనుగొనుటచేత డ్రూరియై అని పేరు వచ్చినది. పసుపుపచ్చని పూవు, గొడుగురేకు నడుమను ప్రక్కరేకుల నడుమను ముదురు గోధుమరంగు చార, నామము దిద్దినట్లు. ఆ కొండమీద అది అల్లుకొని పూచిన కాలము కలదు. అగ్గి అంటుకొని కొంత పోయినది. కాని ఎక్కువగా పోయినది మనుష్యుల మోజు చేత. మొక్కలను వేళ్ళతో పెరికి, బుట్టలకెత్తి, అమ్ముకొనిరి. నేడది సమూలముగా నశించు ప్రమాదపు అంచున ఉన్నది. ఖాసీ కొండలలో ఇన్‌సిగ్నేకు పట్టిన గతియు దీనికి దూరము కాదు. నేను షిల్లాంగులో వసారాలలో చూచినన్ని మొక్కలను అడవిలో ఎన్నడును చూడలేదు.

మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో చేసిన సవరణ ఈ పూలజాతి నంతటిని రక్షణలోనికి తెచ్చినది. అడవినుండి పెరుకుట నేరము. అనుమతిపత్రము లేక పెంచుటయు అమ్ముటయు నేరమే. అంతర్జాతీయ వర్తకమున అడవి మొక్కల అమ్మకము నిషిద్ధము. ఐనను కొండ సంతలలో, వార్తాపత్రమున చుట్టి, వేళ్ళు ఎండిన మొక్కలను నాలుగు రూకలకు అమ్మువారు ఉన్నారు. అట్టి మొక్కను గుర్తుపట్టుట కష్టము కాదు. ఆకులు చిరిగి, పురుగు తిన్న మచ్చలతో ఉండును. వేళ్ళు తెగి యుండును. వేళ్ళ సందున అడవి నాచు అంటుకొని యుండును. సీసాలో పుట్టి కుండీలో పెరిగిన మొక్క ఆకులు శుభ్రముగా, సమముగా ఉండును. దాని చీటీమీద తలిదండ్రుల పేర్లు వ్రాసియుండును.

అడవి మొక్కను తెచ్చి బ్రతికించుట కష్టము. వయసు మీరిన తరువాత వేళ్ళు తెగినది గనుక అది తరచుగా చచ్చును. అక్కడ కొండమీద దాని చోటు ఖాళీ యగును. సీసాలోని చిరుమొక్క మీ చేతులలోనే పెరిగినది గనుక మీ గాలిని, మీ నీటిని ఎరుగును.

మా వసారాలో ఇప్పుడు పదకొండు కుండీలున్నవి. నాలుగు పూచినవి, నాలుగును నాలుగు రంగులు. ఏడు ఇంకను ఆకులమీదనే ఉన్నవి. పూచినవాటిలో ఒకదాని పుప్పొడిని అగ్గిపుల్లతో తీసి మరొకదానికి అద్దితిని. కాయ నిలిచినది. అది పండుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును.

శ్రోతలారా, మీకును ఈ పూవును పెంచవలెనని కోరిక పుట్టినచో, కొనుటకు ముందు అమ్మువానిని ఒక్క మాట అడుగుడు: ఈ మొక్క సీసాలో పుట్టినదా, అడవిలో పుట్టినదా? అనుమతిపత్రము చూపుమనుడు. వెంటనే సమాధానము రానిచో, మొక్క ఎంత చౌకయైనను, పూవు ఎంత అందమైనను, దానిని తాకకుండ తిరిగి రండు.